ఖాళీగా ఎగరని విమానం

నేను విమానాలు నడపలేదు. నడిపినవాళ్ళు దిగి, కాళ్ళ మీద నడుచుకుంటూ ఇంటికి పోయేలా చూడడం నా ఉద్యోగం. సూర్యాపేటలో ఇప్పటికీ నన్ను "విమానాల డ్రైవర్" అని పరిచయం చేసేవాళ్ళున్నారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి, ఇప్పుడు ఊరుకుంటున్నాను. మా నాన్న బడిపంతులు. పంతులుగారి కొడుకు రెంచీ పట్టుకుని బతుకుతున్నాడని చెప్పుకోవడానికి మా చర్చి పెద్దలు కొంచెం ఇబ్బంది పడేవారు. డ్రైవర్ అంటే వాళ్ళ చెవికి కాస్త గౌరవంగా వినబడేదేమో.

రిటైరయ్యాక విమానాల మరమ్మతు చదువు చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. "సార్, ఈ లైన్ల జీతం ఎట్ల ఉంటది?" అన్నది మొదటి ప్రశ్న. జీతాలు, పరీక్షలు, ప్రమోషన్లు మీ ఫోన్లోనే దొరుకుతాయి. అందులో దొరకని సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా నేను నిర్ఘాంతపోయిన సందర్భాలే. ఉద్యోగం నాకు ఏదన్నా నేర్పిందంటే అలాంటప్పుడే నేర్పింది.

టార్చిలైటు

నా మొదటి బాసు కోస్తా మనిషి. హ్యాంగర్లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, అందరం ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం. విమానం ఎక్కే ముందు మా జేబులు ఖాళీ చేయించేవాడు. దువ్వెన, చిల్లర, తాళంచెవి, ఆఖరికి నా మెడలోని సిలువ గొలుసు కూడా బయట డబ్బాలో పెట్టి ఎక్కాల్సిందే. వెనక మేమంతా నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు పని ముగిశాక టార్చిలైటు ఒకటి లెక్కకు రాలేదు. అవతల ప్రయాణికులు కూర్చుని ఉన్నారు. మేనేజర్ వచ్చి, ముష్టి టార్చి కోసం విమానం ఆపుతావా అని నానా మాటలూ అన్నాడు. పెద్దాయన మారు మాట్లాడకుండా కుర్చీ తెచ్చుకుని ముందు చక్రానికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. వెతగ్గా వెతగ్గా అది రెక్క లోపల దొరికింది. రెక్క చివరి పలకను కదిలించే ఇనుప తీగ పక్కనే పడి ఉంది. తీగ కదిలినప్పుడల్లా దాని అంచుకు తగులుతోంది. ఇంకొంచెం జరిగి ఉంటే గాల్లో తీగ బిగుసుకుపోయేది. అరిచిన మేనేజరే లోపలికి తొంగి చూసి, బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన పెదవులు తెల్లబడిపోయాయి. 

ఆ టార్చి ఎవరిదో పెద్దాయన అడగలేదు. ఎందుకు అడగలేదని నేనే తర్వాత ధైర్యం చేసి అడిగాను.

"ఎవరు చేశారు అని అడిగితే మనుషులు దాక్కుంటారు ప్రభాకర్. ఏం మారింది అని అడుగు. అప్పుడు సంగతి బయటికొస్తుంది" అన్నాడు.

తర్వాత పనిచేసిన ఇంకో బాసు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎదుటివాడు బాగా చదువుకున్నవాడైతే చాలు, చూడకుండానే నమ్మేవాడు. "అంతవాడు చెప్తుంటే మళ్ళీ చూడడమేంటి, బాగుండదు" అనేవాడు. చెడ్డవాడు కాదు పాపం, ఉత్త మొహమాటస్థుడు. మా పనిలో చెడ్డవాళ్ళ కంటే మొహమాటస్థులతోనే ప్రమాదం ఎక్కువ. మొహమాటం మీద మనవాళ్ళకు మోటు సామెత ఒకటుంది. ఇది చర్చి పెద్దలు కూడా చదువుతారు కాబట్టి రాయను, మీకు ఎటూ తెలుసు.

మిల్లులో విమానం

రిటైరై ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది.

"సార్, నా పేరు శ్రీధర్. మాకు రైస్ మిల్లుంది. నేనొక మిషన్ తయారు చేసిన. మీరొచ్చి జర సూడాలె."

వడ్లు ఆరబెట్టే మిషనేమో అనుకున్నాను. "నాకు విమానాలు తప్ప వేరే మిషన్లు తెల్వయి బాబూ" అన్నాను.

"గదే సార్. విమానమే."

నమ్మలేదు. అయినా బస్సెక్కి వెళ్ళాను. గోదాములో ధాన్యం బస్తాలు ఒక పక్కకు పేర్చి ఉన్నాయి. రెండో పక్క నిజంగానే రెండు సీట్ల చిన్న విమానం నిలబడి ఉంది. ఇనుప గొట్టాల చట్రం, దాని మీద బిగించి రంగు వేసిన గుడ్డ, రెక్కల మీద సన్నగా తవుడు. గుమ్మంలోనే ఆగిపోయాను. నలభై దాటిన శ్రీధర్ ఇంజనీరింగ్ చదివి, మిల్లు చూసుకుంటూనే ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. నక్షా కొనుక్కుని ఏళ్ళ తరబడి సొంత చేతులతో దీన్ని కట్టాడు. తప్పులు పట్టడానికి పోయినవాణ్ణి, చిన్నాచితకా లోపాలు తప్ప ఏమీ పట్టలేకపోయాను. రంగుతో ఎంత బరువు పెరిగిందో కూడా లెక్కవేసి పెట్టుకున్నాడా మనిషి.

వాళ్ళమ్మ సరోజమ్మగారి పుట్టిల్లు కోదాడ. భర్త పోయాక మిల్లును నిలబెట్టింది ఆవిడే. హమాలీలు, కమీషన్ ఏజెంట్లు, లారీవాళ్ళు అందరూ ఆవిడ మాటకు లోబడినవాళ్ళే. ఆ విమానం వైపు మాత్రం చూసేది కాదు. గోదాములోకి వస్తే అటు మొహం తిప్పుకుని పోయేది.

నాకు టీ ఇస్తూ అడిగింది. "సారూ, మీరన్నా చెప్పండి వాడికి. నేల మీద తిరిగే బండ్లు చాలవా మనకి?"

"నేను చెప్తే ఇంటడా అమ్మా?"

"ఇనడు. నా మాటే ఇనలేదు. అందుకే, సరిగ్గా చూసి పంపండి. వాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నా."

ఉద్యోగంలో ఎందరో అధికారులు నాకు బాధ్యతలు అప్పగించారు. ఇంత సూటిగా ఎవరూ అప్పగించలేదు. 

తూచే రోజు వచ్చింది. విమానం ఎంత బరువుందన్నది సగం సంగతే, ఆ బరువు ఎక్కడుందన్నది మిగతా సగం. ముక్కు వైపు కాస్త ఎక్కువుంటే విమానం బుద్ధిగా ఉంటుంది. తోక వైపు ఎక్కువైతే ముక్కు పైకి లేస్తుంది, లేచిన ముక్కు చెప్పిన మాట వినదు. వేగం తగ్గిపోయి, రెక్కలు మోయలేక మొత్తం కింద పడుతుంది. ధాన్యం తూచే కాటాలు మూడు తెచ్చి మూడు చక్రాల కింద పెట్టాం. శ్రీధర్ లోపల కూర్చున్నాడు. హమాలీలు చుట్టూ చేరి, విమానానికి క్వింటాల్ ధరెంత అని వేళాకోళం చేశారు. లెక్క బాగా వచ్చింది. మొదటిసారి ఎగిరేటప్పుడు విమానంలో శ్రీధరూ, కొద్దిగా పెట్రోలూ తప్ప ఇంకేమీ ఉండకూడదని చెప్పాను. పక్క సీటు ఖాళీ, సీటు వెనక సామాన్ల అర ఖాళీ, నీళ్ళ సీసా కూడా వద్దు. శ్రీధర్ తలూపాడు.

ఆ సాయంత్రమే మిల్లు గేటులోంచి కొత్త ట్రాక్టర్ ట్రాలీ ఒకటి బయటికి పోయింది. అంత పెద్ద ట్రాలీలో నడిమధ్య ఒక్కటే వడ్ల మూట, దాని మీద పసుపు, కుంకుమ. ఏమిటమ్మా ఇది అని అడిగాను.

"కొత్త బండి ఖాళీగా గడప దాటగూడదు సారూ" అంది సరోజమ్మగారు. "గింజలతోనే బోణీ గావాలి. మా మామగారి కాలం నించీ అంతే. లారీ అయినా, సైకిలైనా."

బాగుందమ్మా అన్నాను. నవ్వుకుంటూ బస్సెక్కి వచ్చేశాను.

చెలకలో

అనుమతుల కాగితాల గోల ఇక్కడ రాయను. అన్నీ వచ్చాకే ఎగిరాం. పెన్‌పహాడ్ దిక్కు వాళ్ళకున్న చెలకను, అంటే మెట్ట చేనును, రోలరుతో చదును చేయించి మొరం కంకర పోయించాడు శ్రీధర్. వానాకాలం కోతలు అయిపోయి చుట్టూ పొలాలు కొయ్యకాళ్ళతో ఖాళీగా ఉన్నాయి. తెల్లవారి గాలి లేదు. ఇంతకంటే మంచి పొద్దు దొరకదని నేనే అన్నాను.

విమానమంతా ఒక్కొక్క మర చూశాను. ఆ తర్వాత పూజ. పంఖా మీద కొబ్బరికాయ కొట్టొద్దని ముందే చెప్పాను, ఎదురుగా రాయి మీద కొట్టారు. వాళ్ళ పూజలో నేనెందుకు అడ్డమని బూట్లతో దూరంగా జరిగి నిలబడ్డాను. అయ్యాక మళ్ళీ వచ్చి చక్రాలు, తోక, బెల్టులు చూశాను. శ్రీధర్ అప్పటికే సీట్లో కూర్చుని ఉన్నాడు. వెనక అరకు గుడ్డ తెర వేసి ఉంది.

"అంతా మనం అనుకున్నట్టేనా?"

"ఓకే సార్" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. భయమేమోలే అనుకున్నాను.

ఎక్కడ చక్రాలు లేవాలో గుర్తుగా తెల్ల రాయి పెట్టాం. చేతి రేడియో పట్టుకుని నేను ఆ రాయికి పక్కగా నిలబడ్డాను. సరోజమ్మగారు దూరంగా చెట్టు కింద కూర్చోమన్నా వినకుండా వచ్చి నా పక్కన నిలబడింది. ఇంజిన్ శబ్దం పెరిగింది. విమానం పరుగెత్తింది. రాయికి ఇంకా చాలా దూరం ఉండగానే ముక్కు చటుక్కున పైకి లేచింది. ఏం జరుగుతోందో నా బుర్రకు అందే లోపలే అది నేల విడిచింది. నేల నుంచి మెల్లగా ఎక్కాల్సింది నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతోంది.

అక్కడున్న హమాలీలు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాను.

రేడియోలో శ్రీధర్ గొంతు వచ్చింది. "సార్, ముక్కు దిగుతలేదు."

"చేతిలో కర్ర ముందుకు నొక్కు."

"మొత్తం ముందుకే ఉంది సార్. ఇంక జాగ లేదు."

 ఇంజిన్ ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించమన్నాను. ముక్కును కిందికి దించి పట్టే చిన్న చక్రం ఉంటుంది, దాన్ని ఆఖరి దాకా తిప్పమన్నాను. విమానం ఊగింది, ఆగినట్టయింది, మళ్ళీ ఊగింది. ముక్కు కొద్దిగా దిగింది. పూర్తిగా కాదు. గాల్లో తాగినవాడిలా తూలుతోంది.

వాణ్ణి తిట్టాలనిపించింది. ఏం చేసినవ్ రా అని అడగబోయాను. పెద్దాయన మాట ఎక్కణ్ణుంచి గుర్తొచ్చిందో తెలియదు.

"శ్రీధర్, భయపడకు. తూసినప్పటికీ ఇప్పటికీ బండ్ల ఏం మారింది?"

 ఇంజిన్ మోత ఒక్కటే.

"ఏం మారింది చెప్పు. ఎవరినీ ఏమనను."

"అమ్మ వడ్ల మూట ఇచ్చింది సార్. సీటు ఎనక పెట్టిన. ఉరికేటప్పుడు అర ఎనక గుడ్డ చించుకొని తోకలకు జారింది. చెయ్యి అందుతలేదు."

 రేడియో గొంతు పెద్దది, పక్కనున్న సరోజమ్మగారికి అక్షరం పొల్లుపోకుండా వినబడింది. ఆవిడ వైపు తిరిగాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్ళు ఆకాశం మీద లేవు, నా చేతిలోని రేడియో మీదున్నాయి.

"నేనే ఇచ్చాను సారూ" అంది. "నేనే గదా."

అప్పుడు ఆవిడకు జవాబు చెప్పే తీరిక లేదు. సంగతి తెలిసింది కాబట్టి ఏం చేయాలో కూడా తెలిసింది. మూట సంగతి తెలియకపోతే నేను అందరికీ చెప్పినట్టే, దిగేటప్పుడు ఇంజిన్ కట్టేయమని చెప్పి ఉండేవాణ్ణి. అలా చేసి ఉంటే ముక్కు లేచి, చెలక అంచునే పడిపోయేవాడు.

"శ్రీధర్, తొందర లేదు. దూరం నుంచి పెద్ద చుట్టు తిరుగు. వంపు తక్కువ. వేగం పోనియ్యకు. ఇంజిన్ నడుస్తుండంగనే నేల మీదికి రా. చక్రాలు తగిలినంక కట్టెయ్యి, అంతకు ముందు కట్టెయ్యకు. ఇన్నవా?"

"ఇన్న సార్."

చుట్టు తిరిగి వస్తున్నంతసేపూ సరోజమ్మగారు నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది. దేవుణ్ణి పిలిచిందో లేదో తెలియదు, నేను మాత్రం పిలిచాను. విమానం కొయ్యకాళ్ళ మీదుగా, నేలకు మరీ దగ్గరగా, మరీ వేగంగా వచ్చింది. చక్రాలు తగిలాయి, ఎగిరింది, మళ్ళీ తగిలాయి. మొరం అయిపోయింది. చెలక కూడా అయిపోవచ్చింది. గట్టుకు బారెడు దూరంలో ఆగింది.

పరుగెత్తాం. శ్రీధర్ తలుపు తీసుకుని కిందికి దిగాడు. అతని బరువు ముందు నుంచి పోయిందో లేదో, విమానం మా అందరి కళ్ళ ముందే వెనక్కి వాలి, తోక ధన్‌మని నేలకు కొట్టుకుంది. ముందు చక్రం గాల్లో తిరుగుతూ నిలబడింది. మేమందరం మాట లేకుండా ఆ చక్రాన్నే చూశాం. ఇంతసేపు వాణ్ణి గాల్లో వెనక్కి లాగిందేదో చదువురాని హమాలీకి కూడా ఆ క్షణంలో అర్థమైంది.

ఆ తర్వాత

 నీళ్ళు తాగాక శ్రీధర్ నేనడక్కుండానే చెప్పాడు.

"అమ్మ ఏడ్సింది సార్. ఇన్నేండ్లల్ల ఆమె ఏడ్సుడు నేను సూడలే, నాన్న పోయిన రోజు తప్ప. పక్క సీట్ల పెడతనన్నది. మీరు సూస్తే తీపిస్తరని ఎనక పెట్టిన. గింత మూటకు కాదంటే ఎట్ల అనుకున్న."

రంగు బరువు కూడా లెక్కవేసిన మనిషి. పదిహేను కిలోలకు తగ్గని మూటను తోక వైపు పెడితే ఏమవుతుందో అతనికి నాకంటే బాగా తెలుసు. అంత చదువూ తల్లి కన్నీళ్ళ ముందు పక్కకు పోయింది. నాకు విమానం లేచినప్పుడు కలిగిన భయం కంటే ఈ మాట విన్నప్పుడు కలిగిన దిగ్భ్రమే ఎక్కువ. ఇప్పటికీ తేరుకోలేదు. మరలు వదులైతే రెంచీతో బిగిస్తాం. మనసు మెత్తబడితే బిగించే పనిముట్టు నా పెట్టెలో లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే మీరు నేర్చుకోవాల్సింది పరాయివాళ్ళకు కాదు అని చెప్పడం కాదు, అది అందరికీ వస్తుంది. ఇంట్లోవాళ్ళకు, అందులోనూ ప్రేమతో అడిగేవాళ్ళకు కాదు అని చెప్పడం నేర్చుకోండి.

ఆఖరి తనిఖీ తర్వాత విమానం దగ్గరికి ఎవరినీ రానివ్వద్దు. పూజైనా, ప్రార్థనైనా ముందు, తనిఖీ తర్వాత. నేను ఆ రోజు ఈ వరుస తప్పనిచ్చాను, పూజ అయ్యాక తెర ఎత్తి చూడలేదు.

సరోజమ్మగారు తోక దగ్గర కూలబడి ఉంది. లోపల ఇరుక్కున్న మూటను హమాలీలు గుడ్డ కోసి బయటికి తీశారు. పసుపు, కుంకుమ అలాగే ఉన్నాయి. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"వాణ్ణి కాపాడమని ఇచ్చాను సారూ. చంపుకునేదాన్ని గదా నేను" అంది.

చాలామంది అబద్ధం చెప్పి ఓదారుస్తారు. అలా చేయాలని నాకూ అనిపించింది. కానీ వాణ్ణి నా చేతుల్లో పెట్టిన మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. "అట్లనే అయ్యేది అమ్మా" అన్నాను. "మూట మంచిదే. పెట్టిన జాగ మంచిది కాదు. మాకు చెప్పకపోవుడు మంచిది కాదు."

 ఆవిడ లేచి, కొడుకు వైపు వెళ్ళి, అతని రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, పసివాడు పడి లేచినప్పుడు చూసుకున్నట్టు.

ఇక విమానం తవుడు గోదాములోనే ముసలిదవుతుందని అనుకున్నాను. శ్రీధర్ కూడా దాని మాటెత్తడం మానేశాడు. కొన్నాళ్ళకు మళ్ళీ మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది. ఈసారి సరోజమ్మగారు.

"తోక బాగు చేయించాను సారూ. వచ్చి తూచండి."

నా చెవులను నేను నమ్మలేదు. వెళ్ళాను. అవే కాటాలు, అదే గోదాము. శ్రీధర్ సీట్లో కూర్చున్నాడు. అంకెలు రాసుకుంటుంటే సరోజమ్మగారు వచ్చింది. మొదటిసారి ఆ విమానం మీద చెయ్యి వేసి నిలబడింది. కొంగు ముడి విప్పింది. అందులో గుప్పెడు బియ్యం, రుమాలు ముక్కలో కట్టి ఉన్నాయి. ఆ మూటను కొడుకు చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టి, నా వైపు తిరిగింది.

"ఇది గూడా తూసి రాసుకోండి. ఖాళీగా మాత్రం పంపను."

క్వింటాళ్ళు తూచే కాటా అది. గుప్పెడు బియ్యానికి అంకె కదల్లేదు. ఆవిడ వంగి ఆ అంకె వైపే చూస్తోంది. నేను కాగితం మీద, శ్రీధర్ బరువు కింద, అమ్మ బియ్యం అని రాసి ఆవిడకు చూపించాను. అది చదివి, విమానం తలుపు తనే వేసింది.